రాతిగడప దాయాదులు

మిట్టమధ్యాహ్నం!

క్షుద్రశక్తులు అర్ధరాత్రి మాత్రమే సంచరిస్తాయని మీకు ఎవరు చెప్పారో గాని, వాళ్ళు తమిళనాట ఉన్న ఈ గుడియాత్తం మొహం ఎరగరు. మనిషి నీడ అరికాళ్ళ కింద అణగిపోయే ఆ భీకర ఘడియలో ఇక్కడి తల్లులు పిల్లలను గడప దాటనివ్వరు. అది పందొమ్మిదివందల తొంభైనాలుగు... ఆడి అమావాస్యకు, అంటే ఆషాఢ అమావాస్యకు, ముందురోజు. మబ్బుతునక లేని ఆకాశంలో ఎక్కడో ఉరిమింది. ఊరికి పడమటి గుట్ట మీద పట్టపగలే గుడ్లగూబ కూసింది!

ఆ గుట్ట మీద ఒక శిథిల మండపం. స్తంభానికి పసుపు తాడుతో కట్టివేసి ఉంది సురేఖ. జుట్టు విరబోసుకుంది, పెదవులు పగిలి నెత్తురు గడ్డకట్టింది. పదకొండు రోజులుగా మెతుకు ముట్టలేదు, చుక్క నీరు దిగలేదు. ఆమె గొంతులోంచి మగవాడి వికటాట్టహాసం వినిపిస్తోంది! ఎదురుగా ఆమె భర్త ఉమాపతి నేల మీద కూలబడ్డాడు. ఊళ్ళో కొత్తగా లేచిన కాంక్రీటు మిద్దెల్లో సగం ఆ మేస్త్రీ చేతి మీదుగా కట్టినవే. అంతటి మనిషి పసిబిడ్డలా వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.

నిలువెల్లా చితాభస్మం పూసుకున్న మాంత్రికుడు శంకరన్, కుంకుమ అలదిన కపాలం ముందు కూర్చుని కళ్ళు తెరిచాడు.

"ఏమప్పా మేస్త్రీ! దీన్ని పట్టింది సామాన్యమైంది కాదు. రేపు అమావాస్య, నడిపొద్దుకు దించేస్తా. అయితే దేవతకు ఎవురింటి ఆడదని చెప్పాల? ఇంటిపేరు తే!"

"ఇంటిపేరా సామీ? మాకు ఇనిషియలే కదా... ఎం. ఉమాపతి. మా నాయన మునుస్వామి."

"ఇనిషియలు రేషన్ కార్డుకు చాలు, దేవతకు చాలదు! రేపు నడిపొద్దులోపల తే. లేదంటే పీనుగును మోసుకుపో!"

భార్యను ఆ మండపంలోనే వదిలి ఉమాపతి గుట్ట దిగాడు. దొంగ చేతికి తాళం ఇచ్చి వస్తున్నానని అతనికేం తెలుసు, పాపం!

ఇంటిపేరు... ఎన్ని తరాల కిందటో ఈ సీమకు వలస వచ్చినవాళ్ళు తెలుగును నాలుక మీద దాచుకున్నారు గాని, ఇంటిపేరును ఒక్క అక్షరం చాటుకు నెట్టి హాయిగా మరిచిపోయారు. పైగా ఉమాపతికి రెండో ఏటనే తండ్రి పోయాడు, పెరిగిందంతా అమ్మమ్మ ఇంట. మేనమామ కన్నప్పను అడిగితే ఆయన తల గోక్కున్నాడు.

"మీ నాయనోళ్ళది నాకేం తెలుసురా? నాకు మాదే తెలీదు."

ఇంట్లో తండ్రి పెండ్లినాటి ఇత్తడి బిందె ఒకటి ఉంది. దాని మెడ చుట్టూ చెక్కినవి తెలుగు అక్షరాలని మాత్రం అందరికీ తెలుసు. దాన్ని చంకన పెట్టుకుని లుంగీలు నేసే వీధి తిరిగాడు, బీడీలు చుట్టే వీధి తిరిగాడు. అందరూ తెలుగులోనే పలకరించారు, అయ్యో అని తెలుగులోనే కన్నీళ్ళు పెట్టుకున్నారు. కానీ ఆ నాలుగు ముక్కలు చదవగల కన్ను ఒక్కటంటే ఒక్కటీ లేకపోయె! చివరికి బస్టాండు దగ్గర, పలమనేరు నుంచి టమాటా లోడు తెచ్చిన లారీ డ్రైవరు బిందెను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సత్తువాచారి సరసమ్మ కానుక అని రాసుండారు అన్నా."

ఉమాపతి ఆ డ్రైవరు రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేశాడు. సత్తువాచారి అంటే వేలూరులో కలెక్టరాఫీసు ఉన్న పేట. బిందె అతని లారీలోనే మరిచిపోయి వేలూరు బస్సెక్కాడు.

కలెక్టరాఫీసు వెనక వీధుల్లో ఎస్‌టీడీ బూత్ బూత్‌కూ, ఇంటింటికీ తిరిగి అడగగా అడగగా, పొద్దు వాలే వేళకు ఆ ఇల్లు దొరికింది. నులకమంచం మీద తొంభైరెండేళ్ళ సరసమ్మ. గొంతులో గురక పెడుతోంది. మనవడు బాలాజి చెంచాతో నీళ్ళు పోస్తున్నాడు. రెండు రోజులుగా మాట లేదన్నాడు.

ఉమాపతి తండ్రి పేరు చెప్పగానే ముసలమ్మ కళ్ళు విచ్చుకున్నాయి!

"మునుస్వామి కొడుకువా నాయనా? మీ నాయన నన్ను వదినా వదినా అని కొంగు పట్టుకోని తిరిగేవాడు. నీకు పెద్దమ్మనవుతా."

"పెద్దమ్మా, మన ఇంటిపేరు ఏంది?"

"రాతిగడప. మనము రాతిగడపోళ్ళం."

దొరికింది! ఉమాపతి చివాలున లేచాడు. ముసలమ్మ ఎముకల వేళ్ళు అతని మణికట్టును ఇనుప కడియంలా బిగించాయి.

"ఎందుకడిగితివి? ఎవురడగమన్నారు?"

అతడు అంతా చెప్పాడు. వింటూ వింటూ సరసమ్మ ముఖం నల్లబడింది.

"తేలు కుట్టినోడికి ఇంటిపేరు అడిగి మందిస్తారా? వాడు అడిగింది బలికి రా నాయనా, బలికి! ఎవురింటి మనిషో చెప్పనిదే ఆ దేవత బలి ముట్టదు. నీ పెండ్లానికి చేతబడి చేసింది కూడా వాడే!"

పేరు ఇస్తే బలి... ఇవ్వకుంటే ఆ కట్టులోనే ఎండి చస్తుంది! ముందు నుయ్యి, వెనక గొయ్యి!

"అయ్యో పెద్దమ్మా! నేనేం చేసేది? నా చేతులారా తీసుకుపోయి అప్పగించి వస్తినే!" అంటూ తల గోడకేసి కొట్టుకున్నాడు.

"అరవకుండా విను. ఆ గుట్ట మీది శంకరనే కదా? మా మామోళ్ళు అన్నదమ్ములు ముగ్గురు. పెద్దాయన నా మామ, నడిపాయన మీ తాత. కడగొట్టాయన పోట్లాడుకోని ఆ గుట్టకు పోయినాడు. ఆయన మనవడే వాడు. వాడూ రాతిగడపోడే! నీకు దాయాది, వరసకు అన్న. వాడికే ఆ సంగతి తెలీదు."

"అట్లయితే పోయి కాళ్ళు పట్టుకుంటా!"

"కాళ్ళు పట్టుకుంటే కరిగే జాతి కాదది. పుర్రె పూజ చేసేవాడికి ఒకటే భయం... చావు అంటు. అంటు తగిలిన చెయ్యి పుర్రె మీద ఉందా, ఆ దేవత వాడినే మింగుతాది. దాయాదికి అంటు ఎప్పుడు తగులుతాది? మనిషి చచ్చినప్పుడు కాదు, చావు కబురు చెవిన పడినప్పుడు! ముందే చెప్పితివా, వాడు నెత్తిన నీళ్ళు పోసుకోని పది దినాలు ఆగుతాడు. నీ ఆడది ఆగదు. చెయ్యి పుర్రె మీద పెట్టినాకనే చెప్పాల."

"ఎవురి చావు పెద్దమ్మా?"

పళ్ళు లేని నోటితో సరసమ్మ నవ్వింది.

"పిచ్చోడా! నాదేరా. ఇంక నీళ్ళు పోయొద్దు బాలాజీ."

గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆ రాత్రంతా ఉమాపతి మంచం పక్కనే కూర్చున్నాడు. జన్మలో చీమకు కూడా అపకారం తలపెట్టని మనిషి, కన్నతల్లి వంటి ఆమె ఊపిరి ఆగాలని ముక్కోటి దేవతలను వేడుకుంటున్నాడు! ఛీ, నీదీ ఒక బతుకేనా అని తన్ను తాను తిట్టుకుంటున్నాడు. మళ్ళీ గుట్ట మీద సురేఖ పగిలిన పెదవులు గుర్తొచ్చి మళ్ళీ వేడుకుంటున్నాడు. తెల్లవారింది. ఎనిమిదైంది... తొమ్మిదైంది... ఆమె గుండె పైకీ కిందికీ ఆడుతూనే ఉంది. పది దాటాక ఒక్కసారి ఎగశ్వాస పెట్టి ఆగిపోయింది.

చుట్టాలకు ఫోన్ చేయడానికి బాలాజి లేచాడు. ఉమాపతి అతని చెయ్యి పట్టుకున్నాడు.

"గుడియాత్తానికి మాత్రం చెప్పొద్దు అబ్బోడా. ఆ కబురు నేను తీసుకుపోతా."

ఆటో మాట్లాడుకుని బయలుదేరాడు. దారి పొడవునా ఆడిగాలి దుమ్మెత్తి పోసింది. గుట్ట ఎక్కేసరికి సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉన్నాడు!

"ఇంట్లో చావు, పురుడు ఏమన్నా ఉండాదా?" మండపం ముందు నిలబడి గర్జించాడు శంకరన్.

లేదని తల ఊపాడు ఉమాపతి.

ఫెళఫెళమని ఉరిమింది! ఎర్రని ముగ్గు నడుమ కపాలం. దాని ముందు సానపట్టిన కత్తి. పక్కన కుండ నిండా నీళ్ళు. సురేఖ మెడలో ఎర్రగన్నేరు దండ! ఉమాపతిని చూసి ఆమె లోపలి ఆ పిశాచం కెవ్వున అరిచింది. ఆ అరుపు చివర మాత్రం సన్నగా, బలహీనంగా సురేఖ సొంత గొంతు పలికింది.

"ఏమయ్యా... దాహం..."

"చెప్పరా ఇంటిపేరు!" శంకరన్ రెండు చేతులూ గాలిలోకి లేపాడు. కపాలాన్ని ఇంకా తాకలేదు.

ఉమాపతి ఆ చేతులనే చూస్తున్నాడు. ఒక్క క్షణం... మరో క్షణం...

"నడిపొద్దు జారిపోతాండాది, చెప్పరా!" ఉగ్రుడై రెండు అరచేతులూ కపాలం మీద మోపాడు మాంత్రికుడు.

"రాతిగడప!"

మండపం అదిరింది! ఆ దేవత బలిని అంగీకరించింది. కపాలం కంటి గుంతల్లో నీలిజ్వాల భగ్గుమంది. కత్తి తనంతట తానే నేల మీద నుంచి లేచి సురేఖ కంఠం వైపు తిరిగింది...

"శంకరన్నా!" గుట్ట దద్దరిల్లేలా అరిచాడు ఉమాపతి. "సత్తువాచారి సరసమ్మ ఈ పొద్దు పది దాటినాక పోయినాది. నీకూ నాకూ పెద్దమ్మ. నీ తాతా నా తాతా తోడబుట్టినోళ్ళు. నువ్వు రాతిగడప శంకరన్‌వి! దాయాదికి చావు కబురు చెప్పను వచ్చినా!"

"అబద్ధం! నాకు ఎవురూ లేరు!"

లేరని అతడన్నాడు గాని, విన్నది అతడొక్కడే కాదు కదా! నీలిజ్వాల నెత్తుటి రంగుకు మారింది. కపాలం దవడలు కిటకిటమని తెరుచుకున్నాయి. చేతులు వెనక్కి లాక్కోబోయాడు శంకరన్... రాలేదు! వేళ్ళ కొసల నుంచి మంట పాకింది, మోచేతులు కాలాయి, భుజాలు కాలాయి. ఇన్నేళ్ళూ ఇతరుల ఆర్తనాదాలు విని నవ్వినవాడు ఇప్పుడు గుక్కతిప్పుకోకుండా కేకలు పెడుతున్నాడు.

"నీళ్ళు! నెత్తిన నీళ్ళు పొయ్యి మేస్త్రీ! అంటు పోతాది! కాళ్ళు మొక్కుతా... తమ్ముడా! తమ్ముడా!"

ఉమాపతి కుండ ఎత్తాడు. ఒక్కటే కుండ. ఇటు నాలుక బయటికి వేలాడేసిన సురేఖ, అటు జన్మలో మొదటిసారి తమ్ముడా అని పిలుస్తున్న అన్న. భోరున ఏడుస్తూనే ఆ కుండను భార్య నోటికి అందించాడు.

మండపం కప్పు పగిలేంత కేక ఒకటి లేచి, ఆగిపోయింది. కపాలం రెండుగా చిట్లింది. కత్తి ఠంగుమని రాతి మీద పడింది.

సురేఖ గుటకలు వేస్తూ కళ్ళు తెరిచింది. అవి ఆమె కళ్ళే. ఎదురుగా మసిబొగ్గైన దేహాన్ని చూసి మొగుడి చొక్కా పట్టుకుంది.

"ఎవురయ్యా ఆయప్ప?"

"మా అన్న," అన్నాడు ఉమాపతి, పసుపు తాడు విప్పుతూ. "పెండ్లాం బిడ్డలు లేనోడు. కొరివి నేనే పెట్టాల."

ఆమెను నీడన కూర్చోబెట్టాడు. తన తలగుడ్డ విప్పి శవం మీద కప్పాడు. కట్టెలు ఏరడానికి గుట్ట దిగాడు.