వెళ్ళొస్తానన్న మాట

మా ఇంట్లో నా ఆఫీసు వాషింగ్ మెషీన్ పక్కన ఉంటుంది. వెనకవైపు చిన్న గది. ఒక బల్ల, కంప్యూటరు, ఒక చక్రం ఊడిన కుర్చీ. వాన రోజుల్లో బట్టలన్నీ ఈ గదిలోనే ఆరేస్తాం కాబట్టి నేను పని చేసుకుంటుంటే నెత్తిమీద తువ్వాళ్ళు వేలాడుతుంటాయి. సబ్బు వాసన, తడి వాసన, మెషీన్ రొద. వీటన్నిటికీ ఏనాడో అలవాటు పడిపోయాను.

వీడియో గేములను తెలుగులోకి మార్చడం నా పని. కత్తులు పట్టుకు తిరిగే వీరులు, సత్రాల్లో కూర్చుని కబుర్లు చెప్పే ముసలివాళ్ళు, దారి కాచే దొంగలు, అందరి మాటలూ నేనే రాయాలి. వినడానికి సరదాగా ఉంటుంది. చేసేవాడికి మెడనొప్పి మిగులుతుంది. కళ్ళు మండుతాయి. ఒక గడువు దాటేసరికి ఇంకోటి నెత్తిమీద కూర్చుంటుంది. ఎవరైనా ఏం చేస్తుంటారని అడిగితే టైపింగు పని అని చెప్పి ఊరుకుంటాను. వివరంగా చెప్పే ఓపిక కూడా లేదు.

అప్పుడెప్పుడో ఒక గేము చేశాను. చివర్లో ఒక అమ్మాయి ఉంటుంది. ఊరి పైన పెద్ద జలాశయం, దానికి ఒక తూము, ఆ తూము తలుపును పట్టి ఉంచే ఇనుప చక్రం. చక్రం వదిలితే నీళ్ళు ఊరిమీద పడతాయి. ఎవరో ఒకరు పట్టుకుని నిలబడితే మిగిలినవాళ్ళు సొరంగంలోంచి బయటపడచ్చు. ఆ అమ్మాయి పట్టుకుంటుంది. ఆడేవాడు ఆమెకు ఒక మాట చెప్పి వెళ్ళిపోతాడు. కథ అక్కడితో సరి.

ఆ మాట అసలు ప్రతిలో చాలా పొడిగా ఉంది. సెలవు, అంతే. ఇక ఆమె అతన్ని పిలిచే పిలుపును ఉన్నదున్నట్టు మారిస్తే 'ఓ బాటసారీ' అని రాయాలి. అది స్టేజీ నాటకంలా ఉంటుంది. అందుకని నేను 'అన్నా' అని రాశాను. అతనిచేత 'వెళ్ళొస్తాను' అనిపించాను. మనలో గడప దాటేవాడు ఎవడైనా 'పోతున్నా' అంటాడా? నోరు ముయ్యమని కోప్పడరూ! 'వెళ్ళొస్తాను' అంటాడు అతను. 'సరే అన్నా. జాగ్రత్త' అంటుంది ఆమె. ఆ రెండు ముక్కలకీ ఏడ్చామని చాలామంది రాశారు. నాకు భలే గర్వంగా అనిపించింది.

ఇప్పుడు దాని రెండో భాగం వచ్చింది. అందులో గొప్ప సంగతి ఏమిటంటే, మొదటి భాగంలో మీరు చేసినవన్నీ దీనికి గుర్తుంటాయి. ఎవరిని కాపాడారు, ఎవరిని మోసం చేశారు, ఏ వంతెన తగలబెట్టారు... పాత ఆట తాలూకు ఫైలు అందిస్తే, చదువుకుని, దానికి తగ్గట్టు కొత్త కథ మొదలుపెడుతుంది. అది సరిగ్గా చదువుతోందా, తెలుగు సరిగ్గా పడుతోందా అని చూసి చెప్పాలి నేను. చూడాలంటే మొదటి భాగం పూర్తిగా ఆడినవాడి ఫైలు కావాలి. ఆడేంత తీరిక నాకెక్కడిది? మా దొర ఆడాడు.

దొర అంటే నా బావమరిది. మంచం దిగకుండా కాఫీ అందుకుంటాడు కాబట్టి ఇంట్లో అందరం అలాగే పిలుస్తాం. తల్లీ తండ్రీ పోయాక వాణ్ణి మా ఆవిడే పెంచింది. ఏ ఉద్యోగంలోనూ నిలబడడు గానీ మనసు వెన్న. వీధిలో ఎవరి సిలిండరైనా మోసిపెడతాడు, ఇంట్లో గ్లాసు తీసి పక్కన పెట్టమంటే మాత్రం నడుము నొప్పంటాడు. ఎన్నాళ్ళకో ఒక మంచి ఉద్యోగం దొరికింది, సోమవారం చేరాలి. మా ఆవిడ ల్యాబ్ టెక్నీషియన్. ఆ ఫైలు చూడాల్సిన రోజు ఉదయం డ్యూటీకి వెళుతూ, చెప్పులు వేసుకుంటూ నాతో అంది.

"ఈసారైనా వాడు చేరాలండీ. నాకిక ఓపిక లేదు. సోమవారం దాకా వాడి పూచీ మీది."

"ఎక్కడికి పోతాడే, ఇంట్లోనేగా ఉంటాడు" అన్నాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక వాన పట్టుకుంది. మెషీన్‌లో దుప్పట్లు తిరుగుతున్నాయి. నేను నోట్సు రాసుకుంటూ బల్ల దగ్గర, దొర కంట్రోలరు పట్టుకుని నా పక్కన. వాడి పాత ఫైలు అందించాం. తెరమీద వరసగా వచ్చాయి. దొంగను వదిలిపెట్టారు. వంతెన తగలబెట్టారు. సత్రం ముసలాయనకు అబద్ధం చెప్పారు. అన్నీ నేను రాసినవే. చివర ఇంకొకటి వచ్చింది.

'తూము దగ్గర అమ్మాయికి వెళ్ళొస్తానని మాట ఇచ్చారు.'

ఇది నేను రాయలేదు.

మరిచిపోయి ఉంటాననుకుని నా ఫైళ్ళన్నీ వెతికాను. లేదు. ఈ పనిలో తెలుగు రాసేవాణ్ణి నేనొక్కణ్ణే. పైగా ఈ గేములో మన ఒత్తులు ఎప్పుడూ సరిగ్గా పడవు. 'ళ్ళ' అంటే అక్షరం ఒకచోట, ఒత్తు మరోచోట పడి ఉంటాయి. ఆ విషయమై నేను మొత్తుకుంటూనే ఉన్నాను. పైన ఉన్న వాక్యాలన్నీ అలాగే చెదిరి ఉన్నాయి. ఈ ఒక్క వాక్యం మాత్రం చేత్తో రాసినంత కుదురుగా ఉంది.

మా మేనేజరమ్మకు ఫోన్ చేశాను. ఆవిడ గొంతూ నా గొంతులాగే ఉంది, నిద్ర లేక.

"ఆ అమ్మాయి రెండో భాగంలో లేనే లేదండీ. మొదటి దాంట్లోనే పోయింది కదా. బొమ్మ కూడా గీయించలేదు."

"మరి మాట ఇచ్చారని చూపిస్తోందే?"

"అక్కడ ఎంచుకోవడానికి ఏముంది చెప్పండి? ఉన్నది ఒకటే మాట. నొక్కితేనే ఆట ముందుకు పోతుంది. దాన్నెవరు గుర్తుపెట్టుకుంటారు? మీరు కాస్త పడుకోండి" అని పెట్టేసింది.

"ఆడి చూస్తే తెలుస్తుందిగా బావా" అన్నాడు దొర.

కొత్త కథ ఒక సంతలో మొదలవాలి. మొదలైంది మాత్రం చీకటి సొరంగంలో. వాడు మనిషిని ముందుకు నడిపించాడు. నీళ్ళు కారుతున్న చప్పుడు. దూరంగా ఒక తలుపు, బార్లా తీసి ఉంది. మా గదిలో తుప్పు వాసన మొదలైంది. తుప్పు, పాచి, నిలవ నీళ్ళు... మెషీన్ గొట్టం ఊడిందేమోనని వంగి చూశాను. నేల పొడిగానే ఉంది.

తలుపు అవతల ఆమె ఉంది.

మనవైపు వీపు పెట్టి నిలబడింది. రెండు చేతులూ చక్రంమీద. భుజాలు ఒంగిపోయి ఉన్నాయి. డ్యూటీనుంచి వచ్చిన మా ఆవిడ చెప్పులు విప్పుకునేటప్పుడు అలా ఒంగుతుంది. తల తిప్పలేదు. కింద అక్షరాలు పడ్డాయి.

'వచ్చావా అన్నా.'

దొర గొంతు తగ్గించాడు. "బావా... ఇది నీ రాతేగా?"

"కాదురా."

"నీ తెలుగులాగే ఉంది."

'చాలాసేపైందన్నా. వేళ్ళు విడి రావడం లేదు. ఎవరినో తెచ్చినట్టున్నావే.'

తెరమీద దొర నడిపిస్తున్నది ఒక్క మనిషినే. ఈ గదిలో... ఇద్దరం.

'కాసేపు ఎవరైనా పట్టుకుంటే, నేనొక్క కునుకు తీస్తాను.'

కింద రెండు జవాబులు వచ్చాయి. 'నేను పట్టుకుంటాను.' 'వెళ్ళొస్తాను.' ఆమె కదలడం లేదు. తొందరపెట్టడం లేదు. కోపం లేదు, ఏడుపు లేదు. అలసట ఒక్కటే ఉంది. అంతకంటే భయంకరమైనదాన్ని నేను చూడలేదు, ఎందుకంటే అది నాకు బాగా తెలిసిన అలసట.

"రెండోది నొక్కు. నొక్కి ఆపెయ్. నేను కంపెనీవాళ్ళకు రాస్తాను" అన్నాను.

"మళ్ళీ అదేనా బావా? పాపం. ఇన్నాళ్ళు పట్టుకుందట."

"ఒరేయ్, చెప్పింది విను."

"ఆటేగా" అని మొదటిది నొక్కేశాడు.

ఆమె ఒక్కొక్క వేలే చక్రంనుంచి తీసుకుంది. మణికట్లు రుద్దుకుంది. అప్పుడు తిరిగింది. ఏముంది ఆ మొహంలో? ఏమీ లేదు. బస్సులో పక్క సీట్లో కునికిపాట్లు పడుతూ కనిపించే ఏ అమ్మాయి మొహమైనా అలాగే ఉంటుంది. మావైపు నడుచుకుంటూ వచ్చి తెర అంచు దాటింది. మళ్ళీ కనిపించలేదు.

'మంచివాణ్ణి తెచ్చావన్నా.'

అంతే. ఖాళీ చక్రం, నీళ్ళ చప్పుడు. దుప్పట్లు ఉతకడం అయిపోయి మెషీన్ ఆగింది.

కంట్రోలరు కింద పెట్టబోయాడు దొర. వేళ్ళు విడలేదు. నేనే ఒక్కొక్కటీ విప్పాల్సి వచ్చింది. మంచులా ఉన్నాయి.

"పట్టేశాయి బావా. నేను పని చేస్తే ఇంతే మరి" అని నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వితే కాస్త ధైర్యం వచ్చింది. వాడు చేతులు రుద్దుకుంటూ లేచాడు. నేను మేనేజరమ్మకు ఉత్తరం రాయడం మొదలుపెట్టాను. ఎలా రాసినా పిచ్చివాడి రాతలాగే ఉంది. వెనకనుంచి వాడి మాట వినిపించింది.

"బావా, వెళ్తున్నా."

"ఊఁ" అన్నాను, తల ఎత్తకుండానే. స్నానానికేమో అనుకున్నాను. టీ పెట్టుకోవడానికేమో అనుకున్నాను. అసలు ఏమీ అనుకోలేదు, నిజానికి. ఉత్తరం రెండోసారి కొట్టేసి మళ్ళీ రాయబోతుంటే ఆ మాట చెవిలో గుచ్చుకుంది. వాడు సందు చివర కొట్టుకు పోయినా 'వస్తా బావా' అని కేకేసి వెళ్ళే మనిషి.

లేచి పరిగెత్తాను. స్నానాలగది ఖాళీ. వంటిల్లు ఖాళీ. వాడి గదిలో మంచం ఖాళీ, ఫోను చార్జింగులో ఉంది. చెప్పులు గుమ్మంలో ఉన్నాయి. వీధి తలుపు గడియ లోపలినుంచే వేసి ఉంది. కిటికీలకు ఊచలు. బాల్కనీలోంచి కిందికి చూడడానికి భయపడ్డాను, చూశాను. వాన తప్ప ఏమీ లేదు. ఆరేసిన తువ్వాళ్ళ వెనక కూడా వెతికాను. మతి పోయినవాడు అలాగే వెతుకుతాడు.

తిరిగి తెర ముందుకు వచ్చాను.

చక్రం దగ్గర మనిషి ఉన్నాడు. మనవైపు వీపు. భుజం దగ్గర కుట్టు విడిపోయిన బూడిదరంగు టీషర్టు. ఆ కుట్టు వేయమని పొద్దున వాళ్ళ అక్కను సతాయించాడు.

'బావా.'

ఒత్తులేమీ లేని చిన్న మాట. చాలా కుదురుగా ఉంది.

'బరువుగా ఉంది బావా. ఎవరైనా పట్టుకుంటే వస్తా.'

కింద మళ్ళీ ఆ రెండు జవాబులు.

ఏది నొక్కాలో నాకు తెలుసు. తెలియదని ఎవరితోనైనా అనగలను గానీ నాతో నేను అనుకోలేను. వాడికి సోమవారం ఉద్యోగం. వాడి పూచీ నాది. వేలు మీటమీద పెట్టాను. మెడ లాగుతోంది. కళ్ళు మండుతున్నాయి. ఒక్కసారి... మా ఆవిడకు ఒక్క ముక్క చెప్పి, ఆ తర్వాత...

కాలింగ్ బెల్ మోగింది.

రెండోదే నొక్కాను. చెప్పేసి వచ్చేస్తాను, నిజంగానే వచ్చేస్తాను అనుకుంటూ నొక్కాను.

'సరే బావా. జాగ్రత్త.'

వెళ్ళి గడియ తీశాను. మా ఆవిడ గొడుగు దులిపి మూలన పెట్టింది. చెప్పులు విప్పుకుంటూ గోడ పట్టుకుని ఒక్క నిమిషం అలాగే ఒంగి నిలబడింది. ఇవాళ నిలబడే ఉన్నానండీ పొద్దుటినుంచీ, అంది. బ్యాగు పెట్టుకోవడానికి లోపలికి వెళ్ళింది. నేను హాల్లో మాటలు కూర్చుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి? వాడు లేడే అనాలా? ఉన్నాడే అనాలా?

ఆవిడ చప్పుడు కాకుండా తిరిగి వచ్చింది. వచ్చి, తమ్ముడి గది తలుపు నెమ్మదిగా దగ్గరికి వేసింది.

"వాడేడీ? వాడి మంచంమీద ఎవరండీ ఆ అమ్మాయి?" అంది గుసగుసగా. "జుట్టంతా తడి. దుప్పటి కప్పబోతే కళ్ళు కూడా తెరవకుండా, 'కాసేపు పడుకోనీ వదినా' అంది. వదినా అందండీ నన్ను. మీ తరపువాళ్ళా?"