ఆళ్లగడ్డ రోడ్డు ముక్క

1981 మే 18, సోమవారం. నంద్యాల. ఉదయం 5.15.

లూదియా భర్త సంచి సర్దుతోంది. ఉతికిన తెల్లచొక్కా. తువ్వాలు. వాటిమీద పేపర్లో చుట్టిన గుండ్రటి తారురోడ్డు ముక్క.

"ఊళ్లో మొగుళ్లు పూలు తెస్తారు. నువ్వేమో రోడ్డు తవ్వుకొని తెస్తాండావ్."

మోషే నవ్వాడు. అతను రోడ్ల లాబొరేటరీలో అసిస్టెంట్.

"ఆళ్లగడ్డ కొత్త రోడ్డు ఎండకు తారు కక్కుతాండాది. గోగునార కలపలేదని నా అనుమానం. ఈ ముక్క హైదరాబాదు పెద్ద లాబొరేటరీకి పోతే తేలుతుంది. ముందు ఆడి తారు ప్లాంటు సూపర్‌వైజర్ సంతకం కావల్ల."

"తప్పు చేసినోన్నే సంతకం అడుగుతావా?"

"రూలు అట్లుంది."

5.40 బస్సు. మోషే సంచిని వేడి ఇంజన్ మూత మీద పెట్టాడు. బస్సు మలుపు తిరిగాక కూడా లూదియా అక్కడే నిలబడింది.

సాయంత్రం ఆరుకు ఆళ్లగడ్డ బస్టాండులో సంచి దొరికింది. మనిషి లేడు.

మంగళవారం, 11.30. ఇన్‌స్పెక్టర్ ఆనందరావు లూదియాను వెంటబెట్టుకొని ఆళ్లగడ్డ తారు ప్లాంటుకు వచ్చాడు. ఎదురుగా సూపర్‌వైజర్ రామాంజనేయులు.

"మోషే ఎప్పుడొచ్చినాడు?"

"ఎనిమిదికి. సంతకం పెట్టినా. పాయె."

"ప్లాంటు నడిచిందా?"

"శనివారం నుంచి పొయ్యే ఎలిగించలేదు సార్. కూలోళ్లు గూడ లేరు."

"సంచి ముట్టినావా?"

"నాకేం పని?"

ఆనందరావు సంచి తెరిచాడు. శాంపిల్ చీటీ మీద సంతకం ఉంది. చొక్కా మీద అరచెయ్యంత నల్లటి మరక.

"పాత మరకా అమ్మా?"

"లేదు సార్. నా చేత్తో ఉతికి పెట్టినా."

సంచిలోని ముక్కను జీపు బానెట్ మీద, తెల్లకాగితంపై పెట్టాడు. పన్నెండు నుంచి రెండు దాకా మాడే ఎండ. రామాంజనేయులు చూపు అక్కడే తిరుగుతోంది.

రెండింటికి ముక్క ఎత్తాడు. కాగితం తెల్లగానే ఉంది.

"పొద్దున లాబొరేటరీకి ఫోన్ చేసినా. ఈ రోడ్డులో తారు ఎక్కువ పోయాలంట. తరిగిన గోగునార ఆ తారును పట్టి ఉంచుతుందంట. నార లేకుంటే ఎండకు కారుతుంది. చొక్కా మీద కారింది మోషే తెచ్చిన ముక్క. ఇది వేరే. ఎవరు మార్చినారు?"

"నాకేం తెలుసు సార్?"

ఆనందరావు పొయ్యిలో చెయ్యి పెట్టాడు. బూడిద ఇంకా వెచ్చగా ఉంది.

"నార ఉన్న చోట ఇంకో ముక్క కోసినావు. ఆ గుంత పూడ్చేకి నిన్న తారు కాచినావు. మోషే యాడప్పా?"

రామాంజనేయులు పొయ్యి పక్కన కూచున్నాడు.

"నార ఉండలు కడ్తాండె సార్. చేత్తో విడదీసేకి కూలోళ్లు రామన్నారు. వానల్లోపల రోడ్డు అయిపోవల్ల. మొదటి ఫర్లాంగుకు కలిపి నిలిపేసినా. తారు మాత్రం తగ్గించలేదు. నిన్న ఆ ముక్క ఇయ్యమన్యా. ఇయ్యలేదు. తోసినా. తల రోలర్‌కు తగిలె."

"యాడున్నాడు?"

"కంకర క్వారీలో."

"చంపినాక గూడ సంతకం పెట్టినావా?" లూదియా అడిగింది.

ఆనందరావు అతన్ని జీపు ఎక్కించాడు.

1981 మే 18న నంద్యాల నుంచి బయలుదేరిన మోషే తిరిగి రాలేదు.