పిడికిట్లో సీసా

సింధూరికి ఆ ల్యాబంటే మొదట్నుంచీ పడదు. ఆదివారం మధ్యాహ్నం, జోరు వాన. చెన్నైలో సగం మంది బిర్యానీ తిని కునుకు తీస్తుంటే, తనేమో గైడు గోపాలస్వామి సారు పిలిచారని తడుస్తూ వచ్చింది. ప్రయోగానికి వాడే కోఎంజైమ్ పొడి చివరి సీసా, ఈరోజే తీయాలి. అది పాడైతే నీ పీహెచ్‌డీ గంగలో కలిసినట్టేనని సారు ముందే చెప్పారు. ఆయన ఊరికే బెదిరించే మనిషి కాదు.

ఆ పొడికి వెలుతురు పడదు, వేడి పడదు, తేమ అసలే పడదు. అందుకే సీసాకి రేకు చుట్టి ఫ్రీజర్లో దాస్తారు, లైటు ఆర్పి తీస్తారు. తీశాక దాని చలి దానంతటదే తగ్గేదాకా మూత తెరవకూడదు. ఓపిక లేనివాళ్ళు పిడికిట్లో పట్టుకుని వెచ్చబెడతారు. సింధూరికి పని నేర్పిన కోకిల అలాగే చేసేది. ఒకసారి పొడంతా పాడైందని సారు నలుగురిలో నిలబెట్టి తిట్టి, ల్యాబు నుంచి వెళ్ళగొట్టారు. ఆ సాయంత్రమే కోడంబాక్కం దగ్గర పట్టాలు దాటుతూ రైలు కింద పడింది. ల్యాబులో పాపమన్న నోరు ఒక్కటీ లేదు.

సింధూరి లైటు ఆర్పింది. ఫ్రీజర్ తలుపు తీయగానే చలి కాళ్ళ మీదికి జారింది. దాంతోపాటు నీలగిరి తైలం వాసన... జలుబని కోకిల ఎప్పుడూ రాసుకునే తైలం.

గ్లౌజు చేత్తో తడిమింది. మంచు, మంచు... సీసా తగిలింది.

వెచ్చగా ఉంది.

చెయ్యి లాక్కోబోయింది. రాలేదు. లోపల ఎవరో పట్టుకున్నారు...

"సింధూరీ..." చెవి పక్కనే గుసగుస. "ఈడ శానా చలిగా ఉండాది. పిడికిట్లో పెట్టుకో."

బలమంతా కూడదీసుకుని గుంజింది. సీసాతో సహా చెయ్యి బయటికి వచ్చింది. దాన్ని ఐసు డబ్బాలో పడేసి, మూత నొక్కి, సారు గదికి పరుగెత్తింది.

ఆయన డబ్బా మూత తీశారు. ఐసంతా నీళ్ళయింది. సీసా చేతిలోకి తీసుకోగానే ఆయన మొహం మాడిపోయింది.

"పిడికిట్లో పెట్టుకున్నావా? ఆ పిల్ల మాదిరే నువ్వూ పోతావా?"

లేదని సింధూరి చెప్పబోయింది. అంతలో చూపు సీసా రేకు మీద పడింది. దాని మీద వేళ్ళ గుర్తులున్నాయి. ఎవరైనా నొక్కితే లోపలికి పోవాలి. ఇవి లోపల్నుంచి బయటికి పొంగి ఉన్నాయి... సారు వేళ్ళ కింద, ఒక్కో వేలికి ఒక్కోటి.

సారు కూడా చూశారు. సీసాని బల్ల మీద పెట్టబోయారు.

పిడికిలి తెరుచుకోలేదు.