నీలం పెన్సిల్ గీతలు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. చెవులు నాకిచ్చి, చేతులు మీ పని మీద ఉంచుకోండి. ఇది పరాయి గొడవ కాదు, మా ఇంట్లోనే జరిగింది.

మా కోడలు బట్టలు కుడుతుంది. ఆ పొద్దున కూడా కిటికీ పక్కన మిషన్ తొక్కుతూనే ఉంది. మా మనవరాలు కొత్త చెప్పులు వేసుకుని బయల్దేరింది. దాని నోటికి తెరిపి ఉండదని మేం పిచ్చుక అంటాం. ఒక పత్రికవాళ్ళు ఏటా ఇద్దరిని తీసుకుని ఆరు నెలలు పని నేర్పుతారు. రాతలు దిద్దడానికి ఒకరు, పేజీలు అందంగా తీర్చడానికి ఒకరు. ఇంటర్న్‌షిప్ అంటారట. రెండేళ్ళు కలవరించాక దిద్దే చోటు మా పిచ్చుకకు దక్కింది. ఆ రోజే చేరాలి.

దానికి ముందు పరీక్ష ఒకటి పెట్టారు. గడియారాలు బాగుచేసే ఒకావిడ గురించి నాలుగు పేజీల వ్యాసం ఇచ్చి, ఇంటి దగ్గర ఒక పేజీకి తగ్గించి కవర్లో పెట్టి తెమ్మన్నారు. ఒకటి పాడైతే ఇంకొకటి ఉంటుందని రెండు ప్రతులు ఇచ్చారు. పేరు కవరు మీదే, కాగితం మీద ఉండకూడదు.

పదింటికి వెళ్ళిన పిల్ల పదకొండున్నరకే తిరిగొచ్చి గుమ్మంలో నిలబడింది.

"అమ్మా, ఆ వ్యాసం మీద నువ్వు గీశావా?"

"నీ దాని మీద ఎందుకు గీస్తానే? మిగిలిన రెండోదాని మీద ఊరికే గీశాను. పారేశావనుకున్నా."

"పారేసింది నాది. కవర్లో పెట్టింది నీది."

మిషన్ ఆగిపోయింది.

"పత్రిక మేడం దాన్ని అందరి ముందూ చూపించింది. ఇలా కత్తిరించాలి అంది. గీతలన్నీ నీలం. బట్ట మీద గుర్తులు పెట్టే నీ పెన్సిల్." పిచ్చుక అక్కడే కూలబడింది. "నేను ప్రతి వాక్యంలోంచీ ఒక్కో మాట పీకాను. నువ్వు మొదటి పేజీ మొత్తం కొట్టేశావు."

మా వాడు పేపరు పక్కన పెట్టాడు. "అయితే ఏమైంది? ఇంట్లో చెయ్యే కదా. నోటి దగ్గరికొచ్చిన ముద్ద ఎవరైనా పారేసుకుంటారా? నోరు మూసుకుని చేరిపో."

"రేపు ఇంకో వ్యాసం ఇస్తారు నాన్నా. అప్పుడు అమ్మని సంచిలో వేసుకుని పోనా?" అని తల్లి వైపు తిరిగింది. "నేను రాసిందల్లా నీకు చదివి వినిపించాను. ప్రతిసారీ బాగుందన్నావు. ఇంత తెలిసినదానివి ఎందుకు చెప్పలేదు?"

"బాగుందంటే నువ్వు నవ్వేదానివి."

"నాకు నవ్వు కావాలా?"

కోడలు దారం తుంచుతూ మెల్లగా అంది. "నాకూ ఇష్టమేనే. ఎవరడిగారు?"

ఆ మాట నాకే తగిలింది. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఆ పిల్ల కొట్టు నుంచి వచ్చిన పొట్లాల కాగితం కూడా విప్పి చదివేది. ఇల్లు గడవాలంటే చదువులెందుకని నేను ఆ కాగితాలు చేతిలోంచి లాక్కుని అలమారులో పరిచేదాన్ని. ఆ తర్వాత అది నా ఎదుట ఎప్పుడూ చదవలేదు. నేను గెలిచాననుకున్నాను.

"అడక్కపోగా చేతిలో కాగితం లాక్కున్నది నేనే అమ్మా," అన్నాను. ముగ్గురూ నన్ను దెయ్యాన్ని చూసినట్టు చూశారు. కోడలు ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

మధ్యాహ్నం పిచ్చుక తల్లిని వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆ మేడం ఇంకో వ్యాసం తెచ్చి కోడలి ముందు పెట్టిందట. మా కోడలు పెన్సిల్ ఉందా అని మాత్రం అడిగిందట. ఆ చోటు నలభై ఆరేళ్ళ మా కోడలికే వచ్చింది. పిచ్చుకను వచ్చే ఏడాది రమ్మన్నారు.

రెండు రోజులు పిచ్చుక కూత లేదు. అన్నం కంచం ముందు కూర్చునేది, లేచేది. మూడో పొద్దున తల్లి బయల్దేరుతుంటే నీలం పెన్సిల్ చెక్కి ఆమె సంచిలో పెట్టింది.

"ఆ మొదటి పేజీ ఎందుకు కొట్టేశావో సాయంత్రం వచ్చి చెప్పాలి. బాగుందని మాత్రం అనకు."

"అనను," అంది కోడలు.

ఇదీ సంగతి. గుర్తుపెట్టుకుని మీవాళ్ళకూ చెప్పండి. పొడుగైందనిపిస్తే ఎక్కడ కావాలంటే అక్కడ కత్తిరించుకోండి. నేను కాగితం లాక్కున్న ముక్క మాత్రం కొట్టేయకండి.