ఆరున్నొకటి

మూడో తరగతిలో లెక్కల పీరియడు నడుస్తోంది. ముప్పై నాలుగు మంది పిల్లలున్నా గదిలో చప్పుడన్నది లేదు. వేళ్ళు మడిచేవాళ్ళు లేరు, పక్కవాడి పలకలోకి తొంగిచూసేవాళ్ళు లేరు. ప్రతి పిల్ల కుడిచెవి వెనకా చింతగింజంత ఊరటబిళ్ళ ఉంది. లెక్క చూసి గుండె కాస్త వేగంగా కొట్టుకుందంటే చాలు, బిళ్ళ చల్లబడుతుంది, మెడ దగ్గర హాయిగా ఉంటుంది, ముందున్న వెలుగుపలక మీద ఆ లెక్క చెరిగిపోయి సులువైన లెక్క వస్తుంది. దానికీ బెదిరితే ఇంకా సులువైనది. దీని పేరు నిర్భయ గణితం. పాతికేళ్ళుగా ఏ పిల్లా లెక్కలకు ఏడవలేదని ఏటేటా చాటింపు వేస్తారు. నిజమే, ఏడవలేదు. ఏడవడానికి లెక్కంటూ ఒకటి ఎదురుపడితేగా!

చివరి వరసలో పిల్లల కుర్చీలో ఇరుక్కుని కూర్చున్న నాగమౌనికకి ఇదంతా చూస్తుంటే ఒళ్ళు మండిపోతోంది. ఆవిడకి డెబ్భై ఏళ్ళు. పేరుకే మౌనిక, నోరు విప్పితే కాలవ అవతలిగట్టుకి వినబడుతుంది. కూతురు సముద్రంలో గాలిమరల దగ్గర పనిచేస్తుంది, పదిహేను రోజులకోసారి ఒడ్డుకొస్తుంది. అందుకని మనవరాలు సహస్రకి సంరక్షకురాలు అమ్మమ్మే. ఇవాళ బడికి రమ్మని కబురొస్తే, పిల్ల ఎవర్నో కొట్టిందేమో అనుకుంటూ వచ్చింది. కొట్టినా బాగుండేది.

"లెక్కల విముక్తి పత్రం అండి. ఇక్కడ వేలిముద్ర వేస్తే సరిపోతుంది," అన్నాడు రుత్విక్ మాస్టారు, నెమ్మదిగా, ఎంతో మర్యాదగా. ఇరవై ఎనిమిదేళ్ళవాడు. ఆయన పని పాఠం చెప్పడం కాదు. గోడ మీద పిల్లల బెదురుసూచీలు చూస్తూ ఉండడం.

"విముక్తేమిటి మాస్టారూ? నా మనవరాలు జైల్లో ఉందా?"

"అలా కాదండి. ఇకమీదట పాపకి లెక్కలే ఉండవు. జీవితాంతం కూడికలూ తీసివేతలూ అన్నీ బిళ్ళే చూసుకుంటుంది. పాపకి పాటలు, బొమ్మలు, తోటపని నేర్పిస్తాం. పాపది సంఖ్యాంధత అని బిళ్ళ తేల్చిందండి."

"పేరులోనే వెయ్యి పెట్టుకున్న పిల్లకి అంకెలు కనబడవా?" మౌనిక గొంతు లేచింది. ముందు వరసల్లో నలుగురు పిల్లలు ఉలిక్కిపడ్డారు, వెంటనే వాళ్ళ బిళ్ళలు చల్లబడ్డాయి, మళ్ళీ తలలు వంచుకున్నారు. "ఎలా తేల్చిందిట?"

రుత్విక్ నివేదిక చదివాడు. తొలి సంఖ్య తెలియదు. దాని చోట సంబంధం లేని మాట వాడుతోంది. ఆరు తరవాతి సంఖ్య బొత్తిగా లేదు. ఆరు నెలలుగా ఇదే తీరు. పిల్ల ఇబ్బంది పడకుండా ఆ సంఖ్య వచ్చే లెక్కలన్నీ బిళ్ళ ఎప్పటికప్పుడు తీసేసింది.

"సంబంధం లేని మాటంటే?"

"వస్తువుల్ని లెక్కపెట్టమంటే 'లాభం' అని మొదలుపెడుతోందండి. లాభం, రెండు, మూడు... అలా."

మౌనిక గుండె గతుక్కుమంది. నోరు విప్పేసరికి కిటికీలు అదిరాయి.

"ఓరి మీ తెలివి తెల్లారా! ఆ మాట నేను నేర్పిందయ్యా! రోజూ పొద్దున్నే బియ్యం కొలుస్తుంటే నా పక్కన కూర్చుని లెక్కపెట్టేది. తొలి గిద్ద పోస్తూ ఒకటి అంటామా? ఒకటంటే ఒకటితోనే ఆగిపోతుందని, లాభం అంటాం. మా అమ్మ అంది, వాళ్ళమ్మ అంది. ఇక ఆరు తరవాత... తిండిగింజ మీద చెయ్యేసి ఏడు అంటే ఏడవమన్నట్టు కాదూ? అందుకని ఆరున్నొకటి అంటాం. అది అంకె రాకపోవడం కాదు, అన్నమంటే భయం, భక్తి!"

రుత్విక్ కళ్ళప్పగించి చూశాడు. ఈ మాట అతను పుట్టి బుద్ధెరిగి వినలేదు. "అయితే బళ్ళో కూడా ఎందుకలా అంటోందండి?"

అదీ ప్రశ్నే. మౌనికకి జవాబు తెలుసు. ఓ రోజు కొలుస్తుండగా పిల్ల ఏడు అనేసింది. తను కళ్ళెర్రజేసి, "ఆ మాట ఇంకెప్పుడూ అనకు," అంది. బియ్యం దగ్గర అనకు అనాల్సింది. ఇంకెప్పుడూ అంది. ఎనిమిదేళ్ళ పిల్ల పెద్దవాళ్ళ మాట తు.చ. తప్పకుండా పాటించింది.

"నాది తప్పేనయ్యా," అంది మౌనిక. "కానీ ఆరు నెలలు! ఆరు నెలల్లో ఒక్క మనిషి, ఒక్కడంటే ఒక్కడు, ఎందుకమ్మా అలా అంటున్నావని పిల్లని అడగలేదా? ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నాట్ట మీలాంటివాడే!"

రుత్విక్ తల దించుకున్నాడు. "అడగడం మా పనుల్లో లేదండి."

ఆ మాటకి ఆవిడకి చిర్రెత్తుకొచ్చింది. వేలిముద్ర వేసేది లేదంది. అయితే బిళ్ళ లేని పరీక్ష ఒకటుందని అతనే చెప్పాడు. సంరక్షకులు కోరితే పెట్టి తీరాలి. పిల్ల గెలిస్తే బిళ్ళ తీర్పు చెల్లదు, ఓడితే విముక్తి తప్పదు. పదకొండేళ్ళుగా ఈ బళ్ళో ఎవరూ కోరలేదట.

"ఇప్పుడే పెట్టు," అంది మౌనిక.

పక్కగదిలో బల్ల వేసి, సహస్రని తీసుకొచ్చి కూర్చోబెట్టారు. బిళ్ళ లేని పరీక్షలో గదిలో ఎవరికీ బిళ్ళ ఉండకూడదు, దగ్గరి బిళ్ళ గుసగుసగా చెప్పే జవాబు పిల్లకి అందవచ్చు. అందుకని రుత్విక్ తన బిళ్ళా తీసి డబ్బాలో పెట్టాడు. సహస్ర బిళ్ళ తీస్తుంటే పిల్ల చెవి వెనక చర్మం తెల్లగా పాలిపోయి ఉంది. మూసి ఉన్న కవరులోంచి లెక్క తీశారు. ఒక్కో వరసలో ఎనిమిది కొబ్బరిమొక్కల చొప్పున ఏడు వరసలు నాటితే మొత్తం మొక్కలెన్ని?

సహస్ర చదివింది. 'చొప్పున' దగ్గర ఆగిపోయింది. పెదాలు బిగించుకుని అమ్మమ్మ వైపు చూసింది.

"అను తల్లీ," అంది మౌనిక. "ఇక్కడ బియ్యం లేవు. నేనే చెబుతున్నా, అను."

"తిట్టవుగా?"

"తిట్టను. ఒట్టు."

"ఏడు," అంది సహస్ర, దొంగతనం చేసినట్టు చిన్నగా.

అని కాగితం వైపు చూస్తూ ఉండిపోయింది. ఒక నిమిషం గడిచింది. లెక్క చెరిగిపోలేదు. ఇంకో నిమిషం గడిచింది. అప్పటికీ చెరగలేదు. పిల్ల ముఖం ఎర్రబడింది, చెయ్యి చెవి వెనక తడుముకుంది. "అమ్మమ్మా, ఇది పోవడం లేదేంటి?" అని వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టింది. దెబ్బ తగిలి ఏడవడం ఆ పిల్లకి తెలుసు. తెలియకపోవడం ఎలా ఉంటుందో మాత్రం ఎనిమిదేళ్ళలో ఎవరూ తెలియనివ్వలేదు. దొంగవెధవలు, పిల్ల దగ్గర్నుంచి దాన్ని కూడా లాగేసుకున్నారు!

రుత్విక్ కంగారుగా డబ్బా అందుకోబోయాడు. "ముట్టుకున్నావంటే చూడు," అంది మౌనిక. లేచి వెళ్ళి మనవరాల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుందామని ఆవిడకీ ప్రాణం కొట్టుకుపోతోంది. చీర చెంగు పిడికిట్లో నలుపుకుంటూ కూర్చున్నచోటే కూర్చుంది. "ఏడువమ్మా, ఏడువు. ఎంతసేపు కావాలంటే అంతసేపు ఏడువు. అది ఎక్కడికీ పోదు, నేనూ ఎక్కడికీ పోను."

ఏడ్చింది. ముక్కు తుడుచుకుంది. మళ్ళీ కాస్త ఏడ్చింది. ఆ తరవాత పెన్సిలు తీసుకుని కాగితం మీద ఎనిమిది చుక్కలు పెట్టింది. దాని కింద ఇంకో ఎనిమిది. ఒక వరసలో తొమ్మిది పడ్డాయి, చెరిపింది. వరసలు పూర్తయ్యాక వేలు పెట్టి, పెదాలు కదుపుతూ మొదటినుంచీ లెక్కపెట్టింది. ఇరవై నిమిషాలు పట్టింది. కన్నీటిచుక్కలు పడి చెదిరిన కాగితం మీద యాభై ఆరు అని వేసి, నోరంతా తెరిచి నవ్వింది.

"నా తల్లే!" అంది మౌనిక. కళ్ళు తుడుచుకుని కాగితం లాక్కుని మాస్టారి ముందు పడేసింది. "వెయ్యవయ్యా ఒప్పు! వేసి, ఆ సంఖ్యాంధత ఎవరికుందో మీ పైవాళ్ళకి రాసి పంపు!"

రుత్విక్ కలం పట్టుకున్నాడు. ఒప్పు పెట్టలేదు, తప్పూ పెట్టలేదు. ఎడమచెయ్యి దానంతటదే చెవి వెనక్కి వెళ్ళి వచ్చింది.

"ఇంకా ఏం సందేహం?"

"యాభై ఆరు... సరైనదేనాండి?"

"నన్నడుగుతావేం? మాస్టారివి నువ్వు!"

"నాకు తెలీదండి." అతని నుదుట చెమట పట్టింది. "నాకూ రెండో తరగతిలో విముక్తి ఇచ్చేశారు. ఎందుకో నేనెప్పుడూ అడగలేదు. పిల్లాడు ఇక ఏడవక్కర్లేదని మా అమ్మ సంతోషపడింది."

మౌనిక దగ్గర ఇంకా బోలెడు తిట్లున్నాయి. దారంతా కూడబెట్టుకొచ్చినవి. తీరా చూస్తే ఎదురుగా ఉన్నది పెద్దయిన సహస్ర. ఇతన్ని ఏమని తిట్టడం?

"చుక్కలు లెక్కపెట్టండి మాస్టారూ," అంది సహస్ర, కాగితం అతని వైపు తిప్పి. "వేలు పెట్టి చూసుకుంటే వస్తుంది."

అతను వేలు పెట్టాడు. ఇరవై మూడు దగ్గర ఏ వరసలో ఉన్నాడో మరిచిపోయాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. ముప్పై తొమ్మిది దగ్గర ఊపిరి ఆడనట్టు కళ్ళు మూసుకున్నాడు. మౌనిక మంచినీళ్ళ సీసా ముందుకు జరిపింది. "కంగారు పడకు నాయనా. మళ్ళీ మొదలెట్టు." ఈసారి సహస్ర కూడా పక్కన నిలబడి అతనితోపాటు పైకి లెక్కపెట్టింది. యాభై నాలుగు, యాభై అయిదు, యాభై ఆరు.

అతను ఎర్రకలంతో ఒప్పు పెట్టాడు. దాన్ని చాలాసేపు చూసుకున్నాడు. తరవాత విముక్తి పత్రాన్ని నిలువునా చింపి మౌనిక చేతిలో పెట్టాడు.

"మీరు వేలిముద్ర వెయ్యకపోవడమే మంచిదైందండి. వేశాక రద్దు చెయ్యాలంటే ఆ ముద్ర వేసినవాళ్ళే రావాలి. ఇంకెవరు అడిగినా వినరు."

"అయితే మీ అమ్మగారిని రేపే తీసుకురా. నేనూ వస్తాను. ఎలా వినరో చూస్తాను!"

రుత్విక్ కలానికి మూత పెట్టాడు.

"అమ్మ పోయి మూడేళ్ళయిందండి," అన్నాడు.