మీ కంటి ప్రెషర్ ఎంత సార్?

"కండ్లు కనబడ్తలేవా సార్?"

తొంభై నాలుగు ఆగస్టులో, కంటి క్యాంపు పెట్టిన మణుగూరు కాలనీ కమ్యూనిటీ హాలు గుమ్మంలో హాతీరాంకు దొరికిన స్వాగతం అది. వానలో తడుస్తూ, చేతిలో ఐసు డబ్బాతో లోపలికి ఉరికిన అతను గుమ్మానికి ఎడమ పక్కన నిలబడ్డ అమ్మాయిని గుద్దుకున్నాడు. ఆమె చేతిలోని నల్లటి పెట్టె ఎగిరి బెంచీ కింద పడింది.

ఆమె ఒక్క గంతులో పెట్టె అందుకుని తెరిచింది. లోపలి స్టీలు పరికరాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, హమ్మయ్య అనుకుంది.

"నసీబు మంచిగుంది, పాడుకాలే. పాడైతే రేపు ఇంతమంది కండ్ల ప్రెషర్ మీరు వేలుపెట్టి చూసెటోళ్లా? ఇంత మనిషిని నిలబడ్డ గదా!"

"సారీ మేడం. వానకు..."

"వాన బయట పడ్తంది. నేను లోపల్నే ఉన్న."

హాల్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. హాతీరాం కూడా నవ్వబోయాడు. కానీ ఆగిపోయాడు. అతనికి నిజంగానే ఆమె కనబడలేదు. గుద్దుకునే క్షణం దాకా అటువైపు ఎవరూ లేరనే అనుకున్నాడు.

బానోత్ హాతీరాంది చండ్రుగొండ దగ్గర ఒక తండా. ఆ తండాలో ఎమ్మెస్సీ చదివిన మొదటివాడు. హైదరాబాదులో నీటికాసుల మీద రీసెర్చి చేస్తున్నాడు. కంటి లోపల ప్రెషర్ పెరిగి, నొప్పి లేకుండా, చడీచప్పుడు లేకుండా, అంచుల నుంచి చూపును తినేసే జబ్బు అది. అతని తండ్రి బిచ్యాకు నలభై ఐదేళ్లకే రెండు కళ్లూ పోయాయి. అందుకే కొడుకు ఆ సబ్జెక్టు పట్టుకున్నాడు. మూడేళ్లుగా మాంసం దుకాణాల నుంచి మేక కళ్లు తెచ్చి, కోసి, లోపలి కణాలు ఒకదానికొకటి ఏం చెప్పుకుంటున్నాయో వెతుకుతున్నాడు.

అన్ని కళ్లు చూసినవాడు తన కళ్లను మాత్రం ఎవరికీ చూపించలేదు.

ఆరు నెలల కింద ఎడమ భుజం తలుపుకు తగిలింది. ఆ తర్వాత ఒకరోజు రోడ్డు దాటుతుంటే ఎడమ పక్క నుంచి స్కూటర్ ఆకాశంలోంచి ఊడిపడ్డట్టు వచ్చింది. ఈ జబ్బు తండ్రి నుంచి పిల్లలకు రావచ్చని హాతీరాంకు తెలుసు. పోయిన చూపు ఏ మందుకూ తిరిగి రాదనీ తెలుసు. రోజూ పొద్దున లేవగానే కుడి కన్ను మూసి, ఎడమ కంటితో గోడ మీది క్యాలెండర్ చూసేవాడు. తేదీ కనబడితే ఆ రోజుకు బతికిపోయినట్టే. క్యాలెండర్ పక్కన గోడ ఎంత మేరకు కనబడుతోందో మాత్రం చూసుకునేవాడు కాదు. భయం.

ఇప్పుడు మణుగూరు చుట్టుపక్కల ఈ జబ్బున్న కుటుంబాలను వెతికి, వాళ్ల రక్తం నమూనాలు తీసుకోవడానికి వచ్చాడు. ప్రెషర్ కొలవడం ఆ అమ్మాయి పని. పేరు భూక్యా కమ్లి. కంటి డాక్టరమ్మ దగ్గర అసిస్టెంటు. ఆమెదీ తండానే, మణుగూరుకు దగ్గర. మాటకు మాట అప్పజెప్పందే ఊరుకోదు.

మూడో రోజు మధ్యాహ్నం పేషెంట్లు పలచబడ్డారు. వరండాలో కూర్చున్న హాతీరాం దగ్గరికి వచ్చి అడిగింది.

"సార్, ఆ ఐసు డబ్బాల ఏముంది? ఐస్‌క్రీమా?"

"రక్తం."

"అబ్బ! ఆడపిల్లలతోటి ఎంత ముద్దుగ మాట్లాడ్తరు సార్!"

హాతీరాం నవ్వేశాడు. మూడు రోజుల్లో అదే మొదటి నవ్వు. అందుకేనేమో, వివరంగా చెప్పడం మొదలుపెట్టాడు.

"కంట్ల ఎప్పుడూ నీళ్లు ఊరతయి. జల్లెడ లాంటి దాంట్లకెళ్లి బయటికి పోతయి. 'వదులుగుండు, నీళ్లు పోనియ్' అని ఆ జల్లెడ కణాలకు కబురు మోసే అణువులుంటయి. నేను వెతికేది నైట్రిక్ ఆక్సైడ్‌ను. అది పుట్టి, కబురు చెప్పి, కొన్ని సెకండ్లల్లనే మాయమైతది. ఆ కబురు సరిగ అందకపోతే జల్లెడ బిగుసుకుంటదేమోనని మా అనుమానం. నీళ్లు ఆగితే ప్రెషర్ పెరుగుతది. ప్రెషర్ పెరిగితే నరం నలుగుతది."

"అంటే కంట్ల పోస్ట్‌మ్యాన్ అన్నట్టు."

"అట్లనే అనుకో."

"ఉత్తరం ఇచ్చుడే ఆలస్యం, సచ్చిపోతడు. పాపం పోస్ట్‌మ్యాన్." కమ్లి లేచి లోపలికి వెళ్లింది. కాసేపటికి, "చాయ్ తీస్కోండ్రి" అన్న మాట వినిపించింది.

"తెండి" అన్నాడు హాతీరాం, ఎదురుగా అడవి మీద కురుస్తున్న వాననే చూస్తూ.

చాయ్ రాలేదు.

"తీస్కొమ్మంటిరి గదా, ఏది?"

అప్పటికే చాయ్ గ్లాసు అతని ఎడమ చెవికి జానెడు దూరంలో ఉంది. కమ్లి దాన్ని మెల్లగా ముందుకు జరిపింది. ఇంకొంచెం. ఇంకొంచెం. గ్లాసు దాదాపు అతని ముక్కు ముందుకు వచ్చాక హాతీరాం ఉలిక్కిపడ్డాడు.

కమ్లి ముఖంలో నవ్వు లేదు.

"మీ కంటి ప్రెషర్ ఎంత సార్?"

"పద్నాలుగు" అన్నాడు, జబ్బు లేని కంటి లెక్క చెప్తూ.

"ఎన్నడు చూపిచ్చుకున్నరు?"

"మొన్న. హైదరాబాద్‌ల."

"ఎవరు చూసిన్రు?"

"ఏంది మేడం, పోలీసు ఎంక్వయిరీ లెక్క! నాకు పనుంది" అంటూ లేచాడు. చాయ్ అట్లాగే చల్లారిపోయింది.

మర్నాడు పొద్దున జీపులో బయల్దేరారు. అడవిలో వాగుకు అవతలి ఊళ్లో ఒకే ఇంట్లో నలుగురికి చూపు పోయిందని కబురు వచ్చింది. వాగు దగ్గర డ్రైవర్ పగిడయ్య బండి ఆపేశాడు.

"ఇగ బండి పోదు. మొద్దుల మీదికెళ్లి నడవాలె. పైలం."

వాగు మీద రెండు తాటి మొద్దులు పక్కపక్కన వేసి ఉన్నాయి. కింద నీళ్లు ఎర్రగా, సుడులు తిరుగుతూ పోతున్నాయి. కమ్లి ముందు నడిచింది. హాతీరాం ఐసు డబ్బా భుజానికి తగిలించుకుని వెనక నడిచాడు. కుడి మొద్దు స్పష్టంగా కనబడుతోంది. ఎడమది అతని చూపులో సగం దూరమే ఉంది. మిగతా సగం ఉందో లేదో తెలియదు. ఉందనుకుని కాలు వేశాడు.

కాలు గాలిలో పడింది.

నీళ్ల హోరు చెవుల్లోకి దూసుకొచ్చింది. నడుము దాకా వాగులోకి జారాడు. అంతలో చొక్కా కాలర్ ఎవరో లాగిపట్టారు. కమ్లి మొద్దు మీద బోర్లా పడుకుని రెండు చేతులతో పట్టుకుంది.

"పగిడయ్య కాకా, ఉరుకు!"

పగిడయ్య వచ్చి ఇద్దరినీ ఒడ్డుకు లాగాడు. మూడు రోజుల రక్తం నమూనాలున్న ఐసు డబ్బా నీళ్లలో దొర్లుకుంటూ మలుపు దాటిపోయింది.

ఒడ్డున కూర్చున్న కమ్లి మోచేతులు గీరుకుపోయి రక్తం కారుతోంది. ఉన్నట్టుండి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది.

"నీకు తెలుసు! ఎడమ దిక్కు కనబడ్తలేదని నీకు ముందే తెలుసు! తెలిసి ఎందుకు ఎక్కినవ్?"

హాతీరాం తడిసిన చొక్కా పిండుకుని జీపు వైపు నడిచాడు. ఆ సాయంత్రమే జ్వరమని డాక్టరమ్మకు సెలవు చీటీ రాసిచ్చి బస్సెక్కాడు.

చండ్రుగొండ దగ్గరి తమ తండాలో మూడు రోజులు ఇల్లు కదలలేదు. వాగును తలుచుకుంటే భయం, కమ్లిని తలుచుకుంటే అంతకన్నా భయం. ఆ కళ్లకు తన రహస్యం దొరికిపోయింది. పైగా ఆమె కొంటె మాటలు లేకపోతే పొద్దు గడవడం లేదు. గుడ్డివాడు కాబోయేవాడికి ఇట్లాంటి ఆశ ఎందుకని తనను తానే తిట్టుకున్నాడు.

నాలుగో రోజు పదింటికి వాకిట్లో మాట వినిపించింది.

"హాతీరాం సార్ ఇల్లిదేనా?"

నల్లటి పెట్టె పట్టుకుని కమ్లి నిలబడి ఉంది. మోచేతులకు కట్లు. సెలవు చీటీ మీది అడ్రసు చూసుకుని రెండు బస్సులు మారి వచ్చింది. వాకిట్లో మంచం మీద కూర్చున్న బిచ్యా మాట వినిపించిన దిక్కుకు ముఖం తిప్పాడు. చేత్తో తడుముతూ కర్ర వెతుక్కున్నాడు. కమ్లి అతన్ని చూసింది, హాతీరాంను చూసింది. ఆమెకు అంతా అర్థమైంది.

"సర్వే అని ఊరూరు తిరుగుతున్నవ్. ఫారాలల్ల మీ ఇల్లేది?"

"కమ్లీ, నువ్వు పో. నేను చూపిచ్చుకోను."

"ఎందుకు?"

"చూస్తే నిజమైతది!"

గొంతు పెద్దదైంది. లోపలి నుంచి అతని యాడి, తల్లి ద్వాలి, బయటికి వచ్చింది. బిచ్యా మెల్లగా నోరు విప్పాడు.

"కండ్లు పోవుడుకు రెండేండ్ల ముందే నాకు తెలుసు బిడ్డా. నాగలి పక్కకు పోతుండె. ఎద్దు పక్కనే ఉన్నా కనబడకపోతుండె. మీ యాడికి చెప్పలే. కొత్తగూడెం దవాఖానాకు పోదామని పక్కింటాయన పిలిస్తే పనుందన్న. గుడ్డోడివైతున్నవ్ అంటరేమోనని భయపడ్డ. అప్పుడు పోతే ఒక కన్నన్న దక్కునని తర్వాత డాక్టర్ చెప్పిండు."

ద్వాలి మంచం దగ్గరికి వచ్చింది. ఇరవై ఏళ్లలో ఆ మాట ఆమె వినడం అదే మొదటిసారి.

"నాకు చెప్పకపోతివా?" అంది మొగుడితో. బిచ్యా తల దించుకున్నాడు.

హాతీరాం తండ్రి పక్కన కూలబడ్డాడు. అక్కడే వెల్లకిలా పడుకుని, "చూడు" అన్నాడు.

కమ్లి కంట్లో మత్తు చుక్క వేసింది. చేతులు కడుక్కుని స్టీలు పరికరాన్ని తుడిచింది. చల్లని బరువు కంటిగుడ్డు మీద వాలింది. ఆ పరికరంలో లెక్క తలకిందులుగా ఉంటుంది. సూది ఎంత తక్కువ కదిలితే కన్ను అంత గట్టిపడ్డట్టు. మేక కళ్ల మీద ఇదే సూదిని హాతీరాం వందసార్లు చూశాడు. ఇప్పుడు ఆమె ముఖం తప్ప అతనికేమీ కనబడలేదు. ఆ ముఖం పాలిపోయింది.

"ఎంత?"

"ఎడమ... ముప్పై నాలుగు." కుడి కన్ను కూడా చూసింది. "ఇరవై నాలుగు. ఇదీ ఎక్కువనే."

వినగానే హాతీరాం ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. కమ్లి నేల మీద కూర్చుంది. పరికరాన్ని పెట్టెలో పెట్టి, మూత వేసి అంది.

"మీది బానోత్ ఇంటిపేరు, మాది భూక్యా. కుదురుతదా అని మా యాడిని అడిగిన. కుదురుతదంది."

హాతీరాం గిర్రున తిరిగాడు. "ఏంది కుదిరేది?"

"ప్రెషర్ చూసేటప్పుడు తెలివి కూడా పోయిందా?"

"కమ్లీ, రేపు నాకు మొత్తమే కనబడకపోతే?"

"నాకూ భయమే. వాగు కాడ్నుంచి నిద్ర పడ్తలేదు. ఇద్దరికీ భయమున్నప్పుడు వేరే వేరే ఊర్లల్ల కూసొని భయపడుడెందుకు?" అంటూనే ఏడ్చేసింది. అంతసేపూ పెదవి బిగబట్టి ఉంది పాపం.

మంచం మీద బిచ్యా గొంతు సవరించుకున్నాడు. "ద్వాలీ, పిల్ల పొద్దున ఎప్పుడు తిన్నదో. బువ్వ పెట్టు."

ఆ ఇంట్లో దీవెన అంటే అదే.

మర్నాడు మణుగూరులో డాక్టరమ్మ అతని కళ్ల లోపలికి చాలాసేపు చూసింది. ఎడమ నరం బాగా దెబ్బతింది, పోయింది తిరిగి రాదు. కుడిది ఇప్పుడిప్పుడే మొదలు. చుక్కల మందు రాసింది. రోజుకు రెండుసార్లు, బతికినన్నాళ్లూ. "ఉన్నదాన్ని నిలబెట్టుకుందాం. నెలనెలా రావాలి" అంది.

వరండా బెంచీ మీద హాతీరాం సీసా మూత తీశాడు. మొదటి చుక్క చెంప మీద పడింది. రెండోది చొక్కా మీద.

"ఇటియ్యి" అని కమ్లి సీసా లాక్కుంది. "తల ఎనక్కి ఒంచు. ఆదివారం మీ బాపునూ యాడినీ తీస్కొని మా ఇంటికి రా."

"భయమైతంది."

"దేనికి? చుక్కకా, మా బాపుకా?"

"రెంటికీ."

చుక్క సూటిగా కంట్లో పడింది. భగ్గున మండింది.

"రెండు నిమిషాలు కండ్లు తెరువొద్దు" అంది కమ్లి.

హాతీరాం కళ్లు మూసుకున్నాడు. అంతా చీకటి. ఇన్ని నెలలుగా తప్పించుకు తిరిగిన చీకటి అదే. రేకుల మీద వాన చప్పుడు వింటూ, ఆమె చెయ్యి కోసం గాలిలో తడిమాడు. అప్పటికే ఆ చెయ్యి అతని వైపు వస్తోంది.

"నిమిషం అయ్యింది" అంది కమ్లి. "ఇంకొక్కటి."