డెబ్బై రెండేళ్ల గొర్రెపిల్ల

రాజారత్నం గొంతులో ఆయన ఉలే దిగబడి ఉంది. కోదాడలో నలభై ఏళ్లు సమాధి రాళ్లు చెక్కిన మనిషి, సగం చెక్కిన రాయి మీదే బోర్లా పడ్డాడు. ఉదయం పదకొండు. ఆయన కూతురు కృపారాణి ఆ ఉలి పీకి, తుడిచి, బ్యాగ్‌లో వేసుకుంది. సీక్రెట్ ఏజెంట్‌కి ఏడవాలన్నా పర్మిషన్ కావాలి మరి!

ఇయర్‌పీస్‌లో చీఫ్ మహేందర్ గొంతు వినిపించింది. "ఇది విదేశీ ముఠా పనే, కృపా. వాళ్ల కోడ్ మెసేజ్ దొరికింది. 'కొవ్వొత్తి వెలిగితే పని ఖతం.' ఇయ్యాల సమాధుల పండుగ. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ... ఏదో ఒక బొందలగడ్డల బాంబు పెట్టిండ్రు. కాసేపు వేడి తగిలితే పేలుతది. నాలుగింటికి ప్రార్థన. వందల మంది ఉంటరు."

"సూర్యాపేటనే. నా సోర్స్ పక్కా," అంది పార్ట్‌నర్ దివ్య. పట్టుచీర, నల్లకళ్లద్దాలు, సెంటు ఘుమఘుమ. శవం పక్కన కూడా ఫొటోకి నిలబడ్డట్టు నిలబడగలదు ఆవిడ.

కృపారాణికి నిన్నటి నాన్న ఫోన్ గుర్తొచ్చింది. "ఎవరో మేడమ్ అమ్మా, డెబ్బై రెండేళ్ల ముసలాయన రాయి మీద గొర్రెపిల్లని చెక్కించుకుపోయింది. అది పసిపిల్లలకమ్మా, నిండు వయసుకి గోధుమ పన, అదే కోసి కట్టిన గోధుమ కట్ట, చెక్కుతాం అని మొత్తుకున్నా. వింటేగా!" అని ఒకటే నవ్వు. ఆ మేడమ్ ఎవరో తేలేదాకా ఈ సంగతి కృపారాణి ఎవరికీ చెప్పదలచుకోలేదు.

ఆ మేడమే నాన్నని చంపి ఉంటే, బాంబు ఉండేది ఆ రాయిలోనే. కోదాడలో ఆ రాయి లేదు. సూర్యాపేటలోనూ లేదు. మిర్యాలగూడ చేరేసరికి నాలుగింటికి ఇంకా రెండే నిమిషాలు.

సున్నం వేసిన సమాధులు, బంతిపూలు, ఇసకేస్తే రాలనంత జనం. పెద్దవాళ్ల వరుసలో గోధుమ పనలు చెక్కిన రాళ్ల మధ్య నిలువెత్తు కొత్త రాయి. వయసు డెబ్బై రెండు. పైన గొర్రెపిల్ల! కింది గూట్లో లింగమ్మ అనే ముసలావిడ కొవ్వొత్తి పెడుతోంది. "పాపం, ఈ పెద్దాయనకు ఎవ్వలు రాలే," అని గొణుక్కుంటోంది. ఎవరూ రాని సమాధికి ఎవరో ఒకరు కొవ్వొత్తి వెలిగించడం ఇక్కడి ఆనవాయితీ. ముఠా నమ్ముకున్నది ఆ జాలినే, దుర్మార్గులు!

"వద్దమ్మా!" కృపారాణి అరిచింది. లింగమ్మకి చెవుడు. అగ్గిపుల్ల గీసి, వెలిగించి, కళ్లు మూసుకుంది. ప్రార్థన మొదలై జనమంతా కళ్లు మూసుకున్నారు.

ఠప్! సైలెన్సర్ తూటా కృపారాణి భుజాన్ని చీల్చుకుపోయింది. వెనక్కి తిరిగితే దివ్య.

"ఎట్ల కనిపెట్టినవ్?"

"గొర్రెపిల్ల వల్ల."

"అది క్రీస్తు గుర్తే గదా! తప్పేముంది?"

"అది పసిపిల్లలకని మా నాన్న నీకు చెప్పాడుగా, మేడమ్!"

బ్యాగ్‌లోంచి లాగిన ఉలి దివ్య మణికట్టులో దిగింది. పిస్టల్ ఎగిరిపడింది. దివ్య ఆమె జుట్టు పట్టి తలను రాతికేసి బాదింది, మళ్లీ బాదింది. కళ్లలోకి నెత్తురు కారుతుండగా కృపారాణి ఉలిని లాగి పొడిచింది. నాన్నకి దిగిన చోటే, గొంతులో.

పాక్కుంటూ వెళ్లి, మంటను పిడికిట్లో నలిపేసింది. గూట్లో బాంబు రెడ్ లైట్ రెండుసార్లు మిణుకుమని ఆరిపోయింది.

లింగమ్మ కళ్లు తెరిచింది. "ఓ బిడ్డా, పెట్టిన దీపం ఆర్పుతవా? నీకు సచ్చినోళ్లు ఎవ్వలు లేరా?"

కృపారాణి ఒక్కసారిగా భోరుమంది. పర్మిషన్ అడగలేదు.

"మీ నాయన రాయి డిపార్ట్‌మెంటే పెట్టిస్తది," అన్నాడు మహేందర్ ఇయర్‌పీస్‌లో. "ఏం చెక్కియ్యాలె?"

"గోధుమ పన సార్. ఇంకోటి చెక్కితే లేచొచ్చి మరీ తిడతాడు."